కీలెరిగి వాత పెట్టాలి

అమ్మాయీ,

దిగుమతి అయస్కాంతాల మీద సుంకం పెంచమనాలా, ఇక్కడ చేసేవాళ్లకి సబ్సిడీ ఇమ్మనాలా అన్నది తర్వాత చూద్దాం. నువ్వు పంపిన వినతిపత్రంలో మొదటి పేరాలోనే తప్పుంది. 2025 ఏప్రిల్‌లో చైనా నియోడిమియం ఎగుమతిని నిషేధించిందని రాశావు. అది నిషేధం కాదు, లైసెన్సు నిబంధన. ఆ నిబంధన కిందికొచ్చిన ఏడు రేర్ ఎర్త్ మూలకాల జాబితాలో నియోడిమియం లేనే లేదు. డిస్ప్రోసియం, టెర్బియం ఉన్నాయి. విద్యుత్ కారు మోటారు బాగా వేడెక్కినా నియోడిమియం అయస్కాంతం బలం పోకుండా కాసేది అందులో కలిపే కాస్త డిస్ప్రోసియమే. అందుకే దాన్ని పట్టుకున్నారు. కీలెరిగి వాత పెట్టడమంటే అదే! ఫైలు చూసే అధికారికి మొదటి పేరాలో తప్పు దొరికితే రెండో పేరా చదవడు తల్లీ.

ఇక ఏమడగాలో తేలాలంటే జపాన్ సంగతి శ్రద్ధగా చదువు. 2010 సెప్టెంబరులో సెన్‌కాకు దీవుల దగ్గర చైనా మరపడవ జపాన్ తీరరక్షక నౌకలను ఢీకొట్టింది. కెప్టెన్‌ని నిర్బంధించారు. ఆ తర్వాత జపాన్‌కి రేర్ ఎర్త్ సరుకు నిలిచిపోయింది. అమెరికా, ఐరోపా సమాఖ్యలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి 2014లో జపాన్ గెలిచింది. కానీ తీర్పు కోసం చేతులు కట్టుకు కూర్చోలేదు. 2011లోనే ప్రభుత్వ సంస్థ జోగ్‌మెక్, వర్తక సంస్థ సోజిట్స్ కలిసి ఆస్ట్రేలియా కంపెనీ లైనస్‌కి 25 కోట్ల డాలర్లు సమకూర్చి, సరుకు తమకొచ్చేలా దీర్ఘకాల ఒప్పందం రాయించుకున్నాయి. ఆనక ధరలు పడిపోయి లైనస్ కష్టాల్లో పడితే అప్పు గడువు పెంచి, వడ్డీ తగ్గించాయి గానీ వదిలేయలేదు. అన్నిటికన్నా నాకు ఆ ఓపికే గొప్పగా కనిపిస్తుంది. సుంకం ఒక్క నోటిఫికేషన్‌తో వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి కొంటానని మాటిచ్చి నిలబడేవాడు దొరకడమే కష్టం.

మనకి ఇసుకకేం లోటు లేదు. భీమునిపట్నం తీరపు ఇసుకలోనే మోనజైట్ ఖనిజం ఉంది. దాన్నుంచి నియోడిమియం తీయొచ్చు, డిస్ప్రోసియం మాత్రం తీయదగ్గంత ఉండదు. నియోడిమియాన్ని లోహంగా మార్చి అయస్కాంతం చేసే దగ్గర మనం వెనకబడ్డాం. ఈ రెండూ వేర్వేరు లోట్లు. అయస్కాంతానికి ఇక్కడ ఫ్యాక్టరీ కావాలి, డిస్ప్రోసియానికి బయటి దేశాలతో ఒప్పందం కావాలి. నువ్వు రెంటినీ కలగలిపి ‘స్వావలంబన’ అని ఒక్క మాటలో తేల్చేశావు.

ప్రభుత్వం దగ్గరికి వెళ్లే ముందు మీ సంఘంలోని మోటారు కంపెనీలను అడుగు: ఇక్కడ చేసిన అయస్కాంతం ధర కాస్త ఎక్కువైనా ఎన్నేళ్లు కొంటారని. దానికి సంతకం పెట్టనివాళ్లు దేశభద్రత పేరుతో సుంకం అడిగితే, వాళ్ల కోసం కలం పట్టకు. సంతకాలు తెచ్చాక మళ్లీ రాసి పంపు. రెండు పేజీలు దాటనివ్వకు.

మావయ్య