ఖమ్మం నుంచి డల్లాస్‌కి: మూడు ప్రయాణాల లెక్క

ముప్పై ఏళ్లు బడిలో సోషల్ చెప్పినవాణ్ణి. అయినా దూరం, కాలం అంటే ఏమిటో అబ్బాయి దగ్గరికి మూడుసార్లు వెళ్లొస్తే గాని ఒంటపట్టలేదు.

1. గోడ మ్యాపును నమ్మకండి. అమెరికా దారి అంటే అట్లాంటిక్ మీదుగా పడమటికి బెత్తంతో అడ్డంగా గీసి చూపించేవాణ్ణి. తీరా దుబాయ్‌లో ఎక్కాక ముందు సీటు వెనక తెరమీద చూస్తే, మా విమానం పడమటికి కాదు, ఉత్తరానికి ఎక్కుతోంది. ఐస్‌లాండ్ పక్కనుంచి గ్రీన్‌లాండ్ మీదుగా కిందికి దిగింది. తిరిగొచ్చాక గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దారం బిగించి చూశాను. ఉత్తర ధ్రువానికి దగ్గర్నుంచే పోయింది! ఆ దారం లెక్కన సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా దాదాపు 15,500. చుట్టు అనుకున్నది వెయ్యి పైచిలుకే.

2. టికెట్ మీద టైములు తీసివేత చేయకండి. తెల్లవారుజామున 4:30కి శంషాబాద్‌లో బయల్దేరి, అదే తేదీ సాయంత్రం 4కి డల్లాస్‌లో దిగుతామని ఉంది. పదకొండున్నర గంటలేగా అని మా బావమరిదితో అని నవ్వులపాలయ్యాను. ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అదీ కలిపితే 22. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక తేడా పదకొండున్నర.

3. ఆ 22 కూడా విమానాల లెక్కే. ఖమ్మంలో కారెక్కడం, మూడు గంటల ముందు చేరడం, అక్కడ ఇమిగ్రేషన్ వరుస కలిపితే గుమ్మం నుంచి గుమ్మానికి మాకు 32 గంటలు పట్టింది.

4. వచ్చేటప్పుడు పైగాలి వీపున తోస్తుంది. కొంత కలిసొస్తుంది.

5. బీపీ మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. ఏ టైముకి వేసుకోవాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. నా చేతివాచీ మాత్రం ఇంటి టైములోనే ఉంచుకున్నాను.

6. శనివారం ప్రయాణం పెట్టుకోకండి. ఇది మా ఆవిడ పాఠం. వెంకటేశ్వరస్వామికి ఆమె ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. మొదటిసారి మేం ఎక్కింది శనివారమే. పదిన్నర గంటలు వెనక్కి పోయేసరికి ఆ శనివారం ముప్పైనాలుగున్నర గంటలైంది. గ్రీన్‌లాండ్ దాటి చాలాసేపయ్యాక ట్రే తెచ్చిపెట్టారు. "ఏమండీ, మనూళ్లో ఆదివారం వచ్చేసిందా?" అంది. వాచీ చూశాను, పన్నెండు దాటి పది నిమిషాలు. తలూపాను. పెరుగు కప్పు మూత తీసింది. డల్లాస్‌లో దిగాక కోడలు "అత్తయ్యా, ఇవాళ శనివారం కదా, టిఫినే చేశాను" అంటే, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.