గుణదల మొక్కు – మన మందులు



ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడలోని గుణదల కొండ భక్తులతో నిండిపోతుంది. 1924లో ఫాదర్ అర్లాటి గారు అక్కడ మరియమాత స్వరూపమును ప్రతిష్ఠించారు. మెట్లెక్కి కొవ్వొత్తులు వెలిగించడం, కొబ్బరికాయ కొట్టడం, తలనీలాలు ఇవ్వడం మన ప్రాంతపు ఆచారం. క్రైస్తవులే కాక ఇతర మతాల వారు కూడా మొక్కులు తీర్చుకుంటారు.

ఫిబ్రవరి 11 లూర్దుమాత పండుగ. ఆ రోజునే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినముగా పాటించాలని 1992లో పోపు రెండవ జాన్ పాల్ గారు నిర్ణయించారు. అంటే ఇది రోగుల పండుగ కూడా.

అయితే "మాతకు మొక్కుకున్నాం, ఇక మాత్రలెందుకు సిస్టర్?" అని కొందరు మమ్మల్ని అడుగుతారు. 1858లో లూర్దులో మాత దర్శనం పొందిన బెర్నదెత్ ఆస్తమా రోగి. తరువాత ఆమె కన్యస్త్రీయై మఠంలో రోగులకు సేవ చేసింది. స్వస్థత కలిగిందని చెప్పినవారిని పరీక్షించడానికి 1883 నుండి లూర్దులోనే వైద్యుల కార్యాలయం ఉంది. కాబట్టి ప్రార్థనకు వైద్యం అడ్డు కాదు.

గుణదల వెళ్ళేవారికి మా సూచనలు:

1. బి.పి., షుగర్, ఫిట్స్, టి.బి. మాత్రలు ఒక్కపూట కూడా మానరాదు. టి.బి. మందులు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, తరువాత ఆ మందులకు లొంగదు.

2. షుగర్ ఉన్నవారు డాక్టరుగారిని అడగకుండా ఉపవాసం ఉండరాదు. జేబులో గ్లూకోజు గాని, పంచదార గాని ఉంచుకోండి. చెమట, వణుకు, కళ్ళు తిరగడం మొదలైతే వెంటనే నోట్లో వేసుకోండి.

3. పాదాలలో స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా నడవరాదు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఇంటికి రాగానే అరికాళ్ళు చూసుకోండి.

4. తలనీలాలకు మీ కళ్ళముందే కొత్త బ్లేడు వేయించుకోండి. ఒకరికి వాడిన బ్లేడు వలన హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. సోకవచ్చును.

5. కొవ్వొత్తుల దగ్గర చీర కొంగు, చున్నీ దోపుకోండి. పసిపిల్లలను దూరంగా ఉంచండి.

6. గుండె జబ్బువారు, గర్భిణీలు మెల్లగా, ఆగి ఆగి ఎక్కండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే అక్కడే కూర్చోండి. తోటివారు 108కి ఫోన్ చేయాలి.

ఎక్కలేనివారు దిగువనే ప్రార్థించండి. తల్లి మెట్లు లెక్కపెట్టదు. మొక్కు తీర్చుకోండి, మందు మానకండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్