సంఘం పనికి కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు

అమ్మాయిలూ, మన కర్ణాటకలోని బాగేపల్లి, గుడిబండ, చింతామణి ఊళ్ళల్లో ఆడవాళ్ళ సంఘాలతో ఇన్నేళ్ళు తిరిగి తెలుసుకున్నవి మీకోసం రాసి పెడుతున్నాను. ఆడామగా సమానమని దేశదేశాలవాళ్ళు సభల్లో రాసుకున్న మాట మన గడప దాకా ఎంత వచ్చిందో, ఎక్కడ ఆగిందో మీరు చూడాలి.

1. ఎక్కడో జరిగే సభలు మనకెందుకు అనుకోవద్దు. 1975ను ఐక్యరాజ్యసమితి మహిళా సంవత్సరంగా ప్రకటించి మెక్సికోలో సభ పెట్టింది. ఆ ఏడే మన దేశంలో సమాన వేతనానికి ఆర్డినెన్సు వచ్చింది, మరుసటేడు చట్టమైంది. అయినా చెనిక్కాయ చేలో కలుపు తీసిన ఆడమనిషికి కూలి తక్కువే. ఉపాధి హామీ పనులు వచ్చాకే మావాళ్ళు ఇద్దరికీ ఒకటే రేటు కట్టడం చూశారు. నడుమ ముప్పై ఏళ్ళు పోయాయి.

2. ఏ పథకం వచ్చినా, దానివల్ల ఇల్లాలికి పొద్దు ఎంత మిగిలిందో చూడండి. 1977లో బాగేపల్లిలో మొదలైన ఎడాట్స్ సంస్థ, కూలి సంఘంతో కలిసి గోబర్ గ్యాస్ పథకం తెచ్చింది. క్యోటో ఒప్పందం కింద 2005 డిసెంబరులో నమోదైంది. 5,500 ఇళ్ళకు, ఇంటికి రెండు ఘనమీటర్ల గ్యాసు గుంత అని లెక్క. కట్టెలు, కిరసనాయిలు కాల్చడం తగ్గించినందుకు బయటి దేశాలు డబ్బు కట్టే ఏర్పాటు అది.

ఇది చిన్న మేలు కాదు. కట్టెల పొయ్యి ముందు కళ్ళు మండి, దగ్గి దగ్గి ముద్ద కెలికిన ఆడవాళ్ళకు పొగ లేని మంట దొరికింది, కట్టెలకు గుట్టదాకా పోయే పని తగ్గింది. అయితే ఆ గుంత దగ్గర పొద్దున్నే కాసేపు నిలబడి చూడండి. పేడ ఎంతో నీళ్ళూ అంత పోయాలి. గడ్డీ గాదమూ ఏరేసి, ఉండల్లేకుండా చేత్తో కలపాలి. ఆ చెయ్యి ఎవరిది? కరువేట్లో బోరు ఎండితే ఆ నీళ్ళ బిందె ఎవరి చంకనెక్కుతుంది? 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, కూలి లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు చేస్తే మగవాళ్ళు చేసేది 97. ఈ భారం ఇంట్లోవాళ్ళు పంచుకోవాలని 2015 నాటి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఐదోది చెబుతోంది. కాబట్టి గ్యాసు వచ్చిన ఇంట్లో మగపిల్లాడి చేత కూడా పేడ కలిపించండి.

3. భూమి కాగితం చూడకుండా ఏ ఇంటినీ బాగుపడింది అనొద్దు. కర్ణాటకలో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా 1994 జులై 30న వచ్చింది, కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళకు లేదు. ఆ అడ్డు 2005లో కేంద్ర చట్టం తీసేసింది. 2020లో సుప్రీంకోర్టు ఇంకా తేటగా చెప్పింది. ఇంత జరిగినా రిజిస్ట్రారు ఆఫీసు మెట్లమీద నేను చూసేది ఒకటే: అన్నదమ్ములు చీర పెడతారు, ఆడబిడ్డ హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేస్తుంది. ఆమెను తిట్టొద్దమ్మా. మొగుడు కొట్టి తరిమితే తలదాచుకునేది ఆ పుట్టింట్లోనే కదా, ఆ దోవ మూసుకుంటుందని ఆమె భయం. ముందు అత్తింటి పహణిలో మొగుడి పేరు పక్కన ఆమె పేరు ఎక్కించే పని పట్టండి. అది చేతిలో ఉంటే పుట్టింటి వాటా అడగడానికి గొంతు లేస్తుంది.

4. పంచాయతీ సీట్లలో ఆడవాళ్ళకు కర్ణాటక 1983 చట్టంలోనే నాలుగో వంతు ఇచ్చింది, ఇప్పుడు సగం. మొగుడు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటున్నాడని అందరూ అంటారు, నిజమే. గ్రామసభ ఏ వేళకు పెడుతున్నారో మాత్రం ఎవరూ అడగరు. పాలు పితికి డైరీకి పోసే వేళకు సభ పెడితే ఆడవాళ్ళు ఎట్లా వస్తారు? సాటింపు వేయకముందే పోయి, మధ్యాహ్నం అన్నాలయ్యాక పెట్టమని పంచాయతీ కార్యదర్శికి అర్జీ రాసివ్వండి. అర్జీ అందినట్టు రశీదు అడిగి తీసుకోండి.