దూరమునుండి విన్న శబ్దము

(సంఘ పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 15:19–21, 32:15–20, ఆమోసు 5:21–24, అపొస్తలుల కార్యములు 19:18–20, 1 థెస్సలొనీకయులకు 5:19–22.



మోషే రాతిపలకలు చేతపట్టుకొని కొండ దిగుచుండగా, యెహోషువ పాళెములోనుండి వచ్చు కేకలు విని అది యుద్ధధ్వని యని తలంచెను. అది పాటల ధ్వని యని మోషే గుర్తించెను. జరిగిన సంగతి దేవుడు ముందుగానే తెలిపియున్నను, మోషే దిగి వచ్చి, పాళెమునకు సమీపించి, దూడను కన్నులార చూచిన పిమ్మటనే పలకలను పగులగొట్టెను. దూరమునుండి విన్న యెహోషువ పొరబడెను. దగ్గరకు వచ్చిన మోషే సంగతి గ్రహించెను.

నేడు మన పల్లెలలో సెల్ ఫోను లేని యిల్లు అరుదు. దాని ద్వారా అమెరికా దేశపు రాక్ సంగీతము మన యౌవనస్థుల చెవులలో పడుచున్నది. గుడిలో గిటారు, డ్రమ్ములు పెట్టుదమని వారు అడుగుచున్నారు. అది సాతాను సంగీతమని కొందరు పెద్దలు అనుచున్నారు. ఇట్టి వాదములో ఇరుపక్షములవారును మా ప్రియులే. ఈ మాట క్రొత్తదియు కాదు. 1950ల నాటనే అమెరికా సంఘములు ఈ మాటమీద చీలి వాదించుకొనెను. కావున ఈ నెల మనము కొండమీదనుండి వినుట మాని, దగ్గరకు పోయి చూతము.

1. ఆ పాట పుట్టిన చోటు

రాక్ అను మాటకు ఇక్కడ బండ అని అర్థము కాదు. ఊగుట అని అర్థము. కరెంటు గిటారు, డ్రమ్ములు, పియానో దీని ముఖ్య వాద్యములు. నాలుగు దెబ్బల తాళములో రెండవ దెబ్బను, నాలుగవ దెబ్బను గట్టిగా కొట్టుట దీని లక్షణము. ఈ తాళము ఎక్కడిది? నల్లజాతి క్రైస్తవుల గుడులలో చప్పట్లు కొట్టు విధము ఇదియే.

ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారికి డప్పు ప్రాణసమానము. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో నదియొద్ద బానిసలు తిరుగబడి డప్పులు మ్రోగించుచు నడచిరి. మరుసటి సంవత్సరము, అనగా 1740లో, చేసిన చట్టము బానిసలకు డప్పులను నిషేధించెను. డప్పు పోయినను చేతులును పాదములును మిగిలెను. వారు చప్పట్లు కొట్టిరి, నేలమీద పాదములతో తాళము వేసిరి, ఇశ్రాయేలీయుల విడుదలను తమ విడుదలగా తలంచి దేవుని పాడిరి. 1865లో బానిసత్వము చట్టప్రకారము అంతరించెను గాని ఆ పాట అంతరింపలేదు. అది ఆరాధన పాటగాను, లోకములోని దుఃఖమును చెప్పుకొను బ్లూస్ పాటగాను రెండు పాయలై ప్రవహించెను.

2. గుడినుండి వీధికి

1915లో ఆర్కన్సా రాష్ట్రములోని కాటన్ ప్లాంటు అను చిన్న ఊరిలో రోసెట్టా థార్ప్ అను ఆడపిల్ల పుట్టెను. ఆమె తల్లి చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ అను సంఘములో సువార్తికురాలు. ఈ బిడ్డ బాల్యమునుండి కూటములలో గిటారు వాయించుచు ప్రభువును పాడెను. 1938లో ఆమె న్యూయార్కులోని కాటన్ క్లబ్బు అను విలాసశాలలో పాడగా సంఘస్థులు మిక్కిలి నొచ్చుకొనిరి. అయినను ఆమె భక్తిగీతములను విడువలేదు. 1944లో ఆమె రికార్డుకిచ్చిన ఒక సువార్తగీతమును, రాక్ సంగీతమునకు తొలి ఆనవాళ్లలో ఒకటిగా చరిత్రకారులు ఎంచుచున్నారు.

ఎల్విస్ ప్రెస్లీ అను తెల్లజాతి యువకుడు 1935లో మిసిసిపీలోని టుపెలోలో బీద ఇంట పుట్టి, అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘములో పెరిగెను. మెంఫిసు పట్టణమునకు వచ్చిన తరువాత ఈస్ట్ ట్రిగ్ అను నల్లజాతి బాప్తిస్టు గుడికి పోయి వారి పాటలు వినుచుండెను. 1954 జూలైలో మొదటి రికార్డు ఇచ్చి, రెండేండ్లలో దేశమంతట పేరు పొందెను. జెర్రీ లీ లూయిస్ టెక్సాసులోని బైబిలు పాఠశాలలో చదువుచు, ఒక కీర్తనను వీధిపాట వరుసలో వాయించినందున వెళ్లగొట్టబడెను. చక్ బెర్రీ తండ్రి బాప్తిస్టు సంఘములో డీకను. లిటిల్ రిచర్డు 1957లో కీర్తినంతయు విడిచి వేదము చదువబోయెను. కొన్నియేండ్లకు తిరిగి రాక్ పాటకే వచ్చెను.

గమనించుడి. వీరందరు సంఘపు బిడ్డలే. తప్పిపోయిన కుమారుడు దూరదేశమునకు తీసికొనిపోయినది తండ్రి ఆస్తియే గదా!

3. పెద్దలు భయపడినది దేనికి?

1956లో ఎల్విస్ టెలివిజనులో పాడగా సుమారు 6 కోట్ల మంది చూచిరి. అతడు నడుము ఊపుట చూచి తల్లిదండ్రులు కలవరపడిరి. 1957 జనవరిలో అతనిని నడుము పైభాగము వరకే చూపిరి. ఆ రాత్రియే అతడు థామస్ డోర్సీ వ్రాసిన భక్తిగీతము నొకటి పాడెను.

బిడ్డల పవిత్రతను గూర్చిన భయము నీతిగల భయమే. మేము దానిని తేలిక చేయము. అయితే ఆ భయముతో మరియొక భయము కలిసియుండెను. నాడు దక్షిణ రాష్ట్రములలో నల్లవారికి వేరు బడి, వేరు బస్సు సీటు, వేరు నీళ్ల కుళాయి. తెల్లవారి గుడులు అనేకములు వారిని లోనికి రానియ్యలేదు. ఒకే పాటకు రెండు జాతుల బిడ్డలు కలిసి ఊగుట కొందరికి సహింపరాని సంగతియాయెను. అలబామాలో జాతి వేర్పాటును కోరు తెల్లవారి కౌన్సిలువారు ఈ రికార్డులను తొలగించవలెనని ఉద్యమము నడిపిరి. 1956 ఏప్రిల్ 10న బర్మింగ్‌హామ్ పట్టణములో నాట్ కింగ్ కోల్ అను నల్లజాతి గాయకుని వేదికమీదనే కొట్టిరి. ఆయన రాక్ గాయకుడైనను కాడు, మెల్లని పాటలు పాడువాడు. వారు ద్వేషించినది తాళమునా, చర్మపు రంగునా?

ఇచ్చట ఆమోసు ప్రవచనము జ్ఞాపకము చేసికొనుడి. దేవునికి వినుట కష్టమై తొలగింపుమనిన పాటలు సంతలోనివి కావు, ఆరాధనలోనివే. న్యాయము లేని చోట పరిశుద్ధ గీతము సహితము ఆయనకు రొదయే.

న్యాయమును గూర్చి మరియొక సంగతి. ఎల్విస్ మొదట పాడిన పాటను వ్రాసి, 1946లో రికార్డుకిచ్చినవాడు ఆర్థర్ క్రూడప్ అను నల్లజాతి కూలి. ఆ పాటమీద ఇతరులు ధనవంతులైరి. అతడు తనకు రావలసిన సొమ్ములో ఎక్కువభాగము ముట్టకయే 1974లో చనిపోయెను. కోత కోసినవాని కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు వ్రాసిన సంగతి (5:4) పొలమునకు మాత్రమే కాదు, పాటకును చెల్లును.

4. దూడ ఎక్కడ నున్నది?

అయినచో ఈ సంగీతములో కీడు లేదా? కలదు. దానిని దాచుట బోధకుని పని కాదు.

1969 ఆగస్టులో న్యూయార్కు రాష్ట్రమున ఒక పాడిరైతు పొలములో వుడ్‌స్టాక్ అను సంగీతోత్సవము జరిగెను. సుమారు 4 లక్షల మంది వానలో, బురదలో మూడు దినములు శాంతముగా కూడియుండిరి. వియత్నాం యుద్ధమువలన విసిగిన యౌవనస్థుల సమాధానవాంఛ అందులో కనబడెను. మత్తుపదార్థములును, విచ్చలవిడితనమును కనబడెను. అదే యేట డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంటులో జరిగిన సభలో వేదిక యెదుటనే ఒక యువకుడు పొడిచి చంపబడెను. జిమీ హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్ 1970లోను, జిమ్ మారిసన్ 1971లోను మరణించిరి. ముగ్గురికిని 27 ఏండ్లే. ఎల్విస్ 1977లో 42వ యేట పోయెను. జనులు వారిని దేవుళ్లవలె ఎత్తుకొనిరి. మనుష్యుని భుజములు ఆ బరువును మోయజాలవు. దూడ యున్నది డప్పులో కాదు, మనుష్యుని మహిమలోను, ధనములోను, శరీరాశలోను ఉన్నది.

1985లో కొందరు తల్లులు పాటలలోని బూతుమాటలను గూర్చి ఫిర్యాదు చేయగా సెనేటు విచారణ జరిగెను. తల్లిదండ్రులకు హెచ్చరిక చీటీ రికార్డులమీద అంటించుట మొదలాయెను. మాటలను పరీక్షింపవలెననిన ఆ తల్లుల కోరిక సరియైనదే.

అయితే 1966లో జరిగినది చూడుడి. జాన్ లెనన్ అను ఇంగ్లీషు గాయకుడు తమ మేళము యేసుకంటె జనప్రియమైనదని పలికిన మాట అచ్చుపడగా, అమెరికాలో కొన్ని రేడియో స్టేషనులవారి పిలుపుమీద రికార్డులను కుప్పలు పోసి తగులబెట్టిరి. కొందరు దీనికి ఎఫెసును సాక్ష్యము తెత్తురు. కాని ఎఫెసువారు ఒక గాయకునిమీద కోపముతో కాక, తమ క్రియలను ఒప్పుకొని, తమకు జీవనాధారమైన పుస్తకములను తామే తెచ్చి కాల్చిరి. మారుమనస్సు పుట్టించిన మంట వేరు, కోపము పుట్టించిన మంట వేరు.

5. చెప్పులు లేని పాదములు

ఆ దినములలోనే కాలిఫోర్నియాలో పొడుగు జుట్టు పెంచి, మత్తులో తిరుగుచుండిన హిప్పీ యువకులు అనేకులు క్రీస్తునొద్దకు వచ్చిరి. కోస్టా మెసా అను ఊరిలో కల్వరి చాపెలు సంఘమునకు చక్ స్మిత్ పాస్టరు. ఈ యువకులు వట్టి పాదములతో వచ్చి క్రొత్త తివాచీని పాడుచేయుదురని కొందరు పెద్దలు అభ్యంతరపడగా, తివాచీనే తీసివేయుదము గాని పిల్లలను వెళ్లగొట్టకూడదని ఆయన అనినట్లు చెప్పుదురు. మన గుడులలో చెప్పులు విడుచుటయే మర్యాద. అక్కడ అది అమర్యాద! మర్యాదలు దేశమునకొక తీరు. ఆత్మ విలువ అన్నిచోట్ల నొకటే.

ఆ యువకులు తమకు తెలిసిన గిటారుతోనే ప్రభువును పాడిరి. 1969లో లారీ నార్మన్ క్రీస్తును గూర్చిన రాక్ పాటల సంపుటి వెలువరించెను. నేడు మన పట్టణ సంఘములలో వినబడు గిటారు ఆరాధనకు మూలములలో ఇది యొకటి.

కాలము ఎంత మారెనో చూడుడి. 2017 నాటికి అమెరికాలో హిప్‌హాప్ అను మరియొక సంగీతము రాక్‌ను మించిపోయెను. నాడు తండ్రులు భయపడిన పాట నేడు తాతల పాట. రోసెట్టా థార్ప్ 1973లో చనిపోగా చాలాకాలము ఆమె సమాధిమీద పేరు చెక్కిన రాయియు లేదు. 2018లో రాక్ గాయకుల గౌరవమందిరములో ఆమె పేరు చేర్చిరి.

6. మన డప్పు, మన కీర్తన

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. 1866లో క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చిన తరువాత సువార్త నంగీకరించిన మాదిగ సోదరులు గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టుట మానివేసినందున బహు హింసలు పొందిరి. ఆ సాక్ష్యము గొప్పది. వారు విడిచినది విగ్రహసేవను. డప్పు తోలును దేవుడు శపింపలేదు. నేడు క్రిస్మసునాడు కొన్ని సంఘములలో అదే డప్పు ప్రభువు జన్మమును చాటుచున్నది.

మన కీర్తనల పుస్తకము విప్పి చూడుడి. కీర్తనకు పైన రాగము, తాళము వ్రాసియున్నవి. ఆ రాగములు ఈ దేశపువే. ఇతర పాటలకును వాడబడినవే. పురుషోత్తమ చౌధరిగారివంటి భక్తులు వాటిని క్రీస్తు పాదములయొద్ద పెట్టిరి. సముద్రపు ఒడ్డున మిర్యాముతో నాట్యమాడిన జనులే దూడ చుట్టును ఆడిరి. జనులు వారే; ఆరాధన మారెను.

7. పరీక్షించు విధము

పౌలు ఆత్మను ఆర్పవద్దనియు, సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకొనవలెననియు ఒక్కచోటనే బోధించెను. కావున ఏ పాటనైనను నాలుగు ప్రశ్నలు అడుగుడి. ఈ పాట ఎవనిని హెచ్చించుచున్నది? దీని మాటలు నాకు అర్థమగుచున్నవా? విన్న తరువాత నా నడత ఎట్లున్నది? పాడువాడును వినువాడును పొరుగువానికి న్యాయము చేయుచున్నారా?

పెద్దలారా, బిడ్డను గద్దించుటకు ముందు ఒక సాయంకాలము అతని ప్రక్కన కూర్చుండి ఆ పాట వినుడి, దాని అర్థమడుగుడి. బిడ్డ చెప్పలేనియెడల, అదియే అతనికి మొదటి పాఠమగును. యౌవనస్థులారా, గిటారు తెచ్చుటకు ముందు కీర్తనలు నేర్చుకొనుడి. ముసలమ్మ గొంతు వినబడనంత బిగ్గరగా వాయింపకుడి. ఆమె పాట దేవుని సన్నిధిని మీ వాద్యముకంటె ముందుగా చేరియున్నది.

సంఘములో చర్చించుటకు ప్రశ్నలు

1. యెహోషువ విన్నదానికిని మోషే చూచినదానికిని భేద మేమి?
2. మన ఊరిలో ఏ పాటను, ఏ వాద్యమును కులమును బట్టి తక్కువగా చూచుచున్నాము?
3. ఎఫెసులోని మంటకును 1966 నాటి మంటకును భేద మేమి?
4. గుడికి రాక వెలుపల నిలిచిన యువకుని కొరకు మనము తీసివేయవలసిన తివాచీ ఏది?

ప్రార్థన

ప్రభువా, బానిసల చప్పట్లను ఆలకించినవాడవు నీవే. మా చెవులను శుద్ధిచేయుము. దూరమునుండి తీర్పు తీర్చు మనస్సును మానుపుము. మా బిడ్డలను దూడనుండి తప్పించి, వారి పాటను నీకు దక్కించుకొనుము. మా గుడిలో పాటయు న్యాయమును కలిసి ప్రవహించునట్లు చేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.