జపాను భాషలో మర్యాదగా అడుగుట

తెలుగునందువలెనే జపాను భాషయందును క్రియ వాక్యాంతమున నిలుచును. మర్యాదయు అచ్చటనే తెలియును. "మత్తె" యనగా "ఆగు". ఇది చనువుగలవారి యెడనే చెల్లును. దానికి "కుదసాయి" చేర్చినచో "ఆగండి" యగును. అట్లే "మిజు ఒ కుదసాయి" యనగా "నీళ్ళు ఇవ్వండి". ఇంత మర్యాద యున్నను "కుదసాయి" రూపమున విధ్యర్థకమే. కావున క్రొత్తవారిని, పెద్దలను అడుగునపుడు ముందుగా "సుమిమసెన్ గ", అనగా "క్షమించండి, కాని" యని, పిమ్మట "మత్తె ఇతదకెమసెన్ క" యందురు. "మీరు ఆగుటయను ఉపకారమును మేము పొందలేమా?" యని దీని భావము. ఇట్లు ప్రశ్నగా అడిగినచో ఎదుటివారికి కాదనుటకు చోటుండును. "అండి" మరచినచో మన పెద్దల మనసు నొచ్చుట మనమెరిగినదే. పరభాష నేర్చునపుడు పదములనేగాక, ఆ భాషీయులు ఒకరికొకరు విడుచు ఈ చోటునుగూడ మనము నేర్వవలెను.