స్పెయిన్ టికెట్ చివర్లో కొనండి

పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చేసరికి హిందీ, మరాఠీ మాట్లాడేవారు. ఏ బడీ వాళ్లకు నేర్పలేదు. అడ్డా మీద కూలి బేరం, కిరాణా కొట్టులో ఉద్దెర, పక్క గుడిసె వాళ్లతో మంచీచెడ్డా, ఇవే వాళ్ల పాఠాలు. తెలకపల్లి చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి పెద్దలు ఇప్పటికీ కనిపిస్తారు. విదేశాల్లోని భాషా స్కూళ్లు ఇవాళ ‘కల్చరల్ ఇమ్మర్షన్’ అంటున్నది ఈ పద్ధతినే. ఆ కూలీలను వెంటబెట్టుకుపోయిన గుంపుమేస్త్రీ పేరులోని ‘మేస్త్రీ’ మనకు పోర్చుగీసు నుంచి వచ్చింది. దాని తోబుట్టువు స్పానిష్‌లో ‘మాయెస్త్రో’. అక్కడ ఆ మాటకు బడిపంతులు అని అర్థం.

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలలో డిగ్రీ చదివే పిల్లలు స్పానిష్ గురించి ముందుగా అడిగేది ఒక్కటే: ‘స్పెయిన్ పోయి ఆర్నెల్లు నేర్చుకుంటే ఉద్యోగం వస్తదా?’ పోండి, కాని బి1 స్థాయి ఇక్కడే అందుకున్నాక పోండి. యూరప్ లెక్కలో భాషకు ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుంటాయి. బి1 మూడోది. అక్కడికి చేరినవారు దారి అడగగలరు, తమ సంగతి చెప్పుకోగలరు, ఎదుటివారి కబురు చాలావరకు పట్టుకోగలరు. ఏమీ రాకుండా దిగితే మొదటి నెలలన్నీ అంకెలకూ వారాల పేర్లకూ పోతాయి. బస ఇచ్చిన ఇంటివాళ్లు ఆప్యాయంగా పలకరిస్తుంటే తలూపడం తప్ప ఏం చేయగలం? ఆ అంకెల పాఠం హైదరాబాద్ బస్సు చార్జీతో వచ్చేది.

తెలుగువాళ్లకు ఈ భాషలో ఎంత సౌలభ్యం ఉందో ఎవరూ గట్టిగా చెప్పరు. ‘నాకు మామిడిపండు ఇష్టం’ అన్నట్టే వాళ్లూ ‘మె గుస్తా ఎల్ మాంగో’ అంటారు. ఇంగ్లీషులో ‘నేను’తో మొదలయ్యే ఈ వాక్యం మనకూ వాళ్లకూ ‘నాకు’తోనే నడుస్తుంది. ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు, అక్కడా అంతే. నువ్వు, మీరు తేడా ‘తు’, ‘ఉస్తేద్’ రూపంలో ఉంది. ఇంగ్లీషు మాట్లాడేవారు ఏళ్లతరబడి తడబడేది ‘సెర్’, ‘ఎస్తార్’ అనే రెండు క్రియల దగ్గర. మనం ‘ఆమె టీచర్’ అన్నప్పుడు క్రియ వాడం, ‘ఆమె బడిలో ఉంది’ అన్నప్పుడు వాడతాం. మొదటి చోట సెర్, రెండో చోట ఎస్తార్. మినహాయింపులు ఉన్నా, ఈ ఒక్క పోలికతో సగం చిక్కు విడిపోతుంది. త, ద, ప, క మన నోట సహజంగానే పలుకుతాయి. కష్టమల్లా లింగంతోనే: బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. అవి బట్టీ పట్టాల్సిందే.

ఊరు దాటకుండా, లేదా కొద్ది దూరమే పోయి నేర్చుకునే చోట్లున్నాయి. హైదరాబాద్ తార్నాకలోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ 1958లో ఇంగ్లీషు బోధన సంస్థగా మొదలైంది. అక్కడ స్పానిష్‌లో బీఏ ఉంది, పార్ట్‌టైమ్ కోర్సులూ ఉన్నాయి. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ ఢిల్లీ కేంద్రం ఆన్‌లైన్‌లోనూ నేర్పుతుంది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అనంతపురం ఉదాహరణ. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపి, 2009లో అక్కడే కన్నుమూశారు. ఆ ట్రస్టు గ్రామీణ పేద కుటుంబాల పట్టభద్రులకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పి ఉద్యోగాలకు సిద్ధం చేసే స్కూలు పెట్టింది. కరువు సీమ పల్లెల పిల్లలు స్పెయిన్ గడప తొక్కకుండానే స్పానిష్ మాట్లాడగలిగారు. పాలమూరు పిల్లలకు చేతకాదా? ప్రవేశాలు, అర్హతల సంగతి నేరుగా సంస్థనే అడగండి.

బి1 చేతికొచ్చాక విదేశం మాట. 1218లో పుట్టిన విశ్వవిద్యాలయమున్న సలమాంకా విదేశీయులకు స్పానిష్ నేర్పడంలో పేరున్న ఊరు. మాడ్రిడ్, బార్సిలోనాలకన్నా ఖర్చూ తక్కువే. బార్సిలోనా వీధుల్లో కాటలాన్ కూడా వినిపిస్తుందని గుర్తుంచుకోండి. స్కూలుకు సెర్వాంతెస్ గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి. హాస్టల్‌కన్నా స్థానిక కుటుంబంతో ఉండటం మేలు. మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రి తిండి తొమ్మిది తర్వాత. తిన్నాక విస్తరి ముందు నుంచి లేవకుండా మాట్లాడుకోవడానికి వాళ్లకు ‘సొబ్రెమెసా’ అని ఒక పేరే ఉంది. అసలు తరగతి అదే. తెలుగువాళ్లు నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకుంటే అన్నం, ఆవకాయ దొరుకుతాయి కాని స్పానిష్ రాదు.

డబ్బు విషయం దాచకుండా చెప్పాలి. మూడు నెలలు దాటితే స్టూడెంట్ వీసా కావాలి. వారానికి కనీసం 20 గంటల తరగతులుండాలి, ఖర్చులకు నెలకు 600 యూరోలు, అంటే దాదాపు అరవై వేల రూపాయలు, చూపించాలి. ఫీజు వేరు. ‘అక్కడ పార్ట్‌టైమ్ చేసుకుంటే వెళ్లిపోతది’ అనే ఏజెంట్ మాట నమ్మి పట్టాదారు పాసుపుస్తకం బ్యాంకులో పెట్టకండి. వారానికి 30 గంటల పని వెసులుబాటు యూనివర్సిటీ స్థాయి చదువులకుంది, భాషా కోర్సుకు దానంతటదే రాదు. నిబంధనలు 2025లో మారాయి కాబట్టి దరఖాస్తు నాటికి కాన్సులేట్ మాటే ప్రమాణం.

ఉద్యోగానికి భాష ఒక్కటే చాలదు. బీకాంతో స్పానిష్ ఉంటే హైదరాబాద్‌లోని బహుళజాతి కంపెనీల అకౌంట్స్ విభాగాల్లో, బీఫార్మసీతో ఉంటే ఎగుమతుల్లో చోటు దొరికే వీలుంది. డాక్టర్ రెడ్డీస్‌కు 2005 నుంచి మెక్సికోలోని కుయెర్నవాకాలో ఫ్యాక్టరీ ఉంది. చేతిలో ‘దెలె’ అనే స్పానిష్ పరీక్ష సర్టిఫికెట్ ఉంచుకోండి, దానికి కాలపరిమితి లేదు. ‘సియెలె’ అనే మరో పరీక్ష సర్టిఫికెట్ అయిదేళ్లే చెల్లుతుంది.

ఈ సెలవుల్లోనే ఎ1 మొదలుపెట్టండి. రోజుకు గంట చాలు. మీ ఇంట్లో బొంబాయి వెళ్లొచ్చిన తాతో నాయనమ్మో ఉంటే, మొదటి నెల అక్కడ మాట ఎలా పట్టుబడిందో ఒక సాయంత్రం కూర్చుని అడగండి.