రామోజీరావు: పెదపారుపూడి నుంచి ‘ఈనాడు’ దాకా

చెరుకూరి రామోజీరావు 1936 నవంబరు 16న కృష్ణా జిల్లా పెదపారుపూడిలో రైతు కుటుంబంలో పుట్టారు. 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్స్, 1969లో రైతుల మాసపత్రిక ‘అన్నదాత’ స్థాపించారు.

ఆయన దినపత్రిక ‘ఈనాడు’ పుట్టింది హైదరాబాద్‌లో అని చాలామంది అనుకుంటారు. కానీ అది 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది. హైదరాబాద్ ఎడిషన్ 1975లో వచ్చింది. తెల్లవారేసరికి పత్రిక గుమ్మంలో ఉండాలన్న పట్టుదల, ఊరి వార్తకు చోటిచ్చిన జిల్లా అనుబంధాలే దాని అసలు బలం.

ఆయన టీవీ చానల్ ఈటీవీ 1995 ఆగస్టు 27న ప్రసారాలు ప్రారంభించింది. రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో ఏర్పాటైంది; ప్రపంచంలోనే అతిపెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్‌కెక్కింది. ఆయన సంస్థ ఉషాకిరణ్ మూవీస్ నిర్మించిన ‘నువ్వే కావాలి’కి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు దక్కింది.

రామోజీరావు పద్మవిభూషణ్ 2016లో అందుకున్నారు. 2024 జూన్ 8న హైదరాబాద్‌లో కన్నుమూశారు.